ఇనపగదిలో బకెట్టు

ఒక పెద్ద నగరం. అందులో ఒక పెద్ద బ్యాంకి. పొద్దున పని వేళకు ఒక పొట్టి మనిషి ఆ బ్యాంకి తనదే అన్నంత ధీమాగా లోపలికి వచ్చాడు. తిన్నగా మెట్లు దిగి నేలమాళిగలోకి పోయాడు. అక్కడ డబ్బు దాచే ఇనపగది ఉన్నది. దాని తలుపు మామూలు తలుపు కాదు. నిలువెత్తు ఉక్కు తలుపు! దానికి తాళంచెవి ఉండదు, అంకెలు చెక్కిన చక్రాలుంటాయి. ఏ చక్రాన్ని ఏ అంకె దగ్గర ఆపాలో తెలిసినవాడే దాన్ని తెరవగలడు. ఈ పొట్టి మనిషి ఒక చక్రం తిప్పాడు. రెండోది తిప్పాడు. అంకె మరిచిపోయినట్టు చొక్కా ముంజేతి పట్టీ వంక ఒకసారి చూసుకున్నాడు. మళ్ళీ తిప్పాడు. బ్రహ్మాండమైన తలుపు మెల్లగా తెరుచుకున్నది.

ఎవడు వీడు? బ్యాంకి యజమానా? దొరలా వచ్చిన దొంగా?

లోపలికి పోయినవాడు బయటికి వచ్చాడు. చేతిలో నోట్లకట్టలు లేవు, బంగారమూ లేదు. ఒక బకెట్టు, నేల తుడిచే కర్ర, ఊడ్చే నౌకరు తొడుక్కునే దుస్తులు! అంత ఉక్కు తలుపు వెనక భద్రంగా దాచుకున్న వాడి ఆస్తి అదీ.

పిల్లలూ, ఆ పొట్టి మనిషి ఎవరో మీరు ఈపాటికి పోల్చుకునే ఉంటారు. ఆయన చార్లీ చాప్లిన్. ఈ బొమ్మ పేరు "ది బ్యాంక్". అమెరికాలో 1915 ఆగస్టులో విడుదలయింది. అంటే నూరేళ్ళు దాటి ఇంకా పైమాటే. రెండు రీళ్ళ బొమ్మ. అరగంటలో అయిపోతుంది. అందులో ఎవరూ నోరు విప్పి ఒక్క మాట వినిపించరు. అప్పటికి సినిమాకు గొంతు లేదు. తెలుగులో తొలి టాకీ "భక్త ప్రహ్లాద" వచ్చిందే 1932లో. "ది బ్యాంక్" తీసిన రోజుల్లో ఏ దేశంలోనైనా తెర మీది మనుషులందరూ మూగవాళ్ళే.

మాట లేకపోతే కథ ఎట్లా తెలుస్తుంది అని అడుగుతారేమో. ఇనపగది తలుపు సంగతి నేను చెప్పానే, అందులో మాట అవసరం ఎక్కడ వచ్చింది? తలుపు చూశారు, బకెట్టు చూశారు, నవ్వారు. తెలుగు పిల్లవాడు నవ్విన చోటే జపాను పిల్లవాడూ నవ్వుతాడు. తప్పనిసరి అయిన చోట మాత్రం తెర మీద రెండు మూడు ముక్కలు అచ్చువేసి చూపేవారు. చాప్లిన్ వాటిని కూడా వీలైనంత తగ్గించేవాడు.

ఇప్పుడు కథ చెబుతాను.

చార్లీ ఆ బ్యాంకిలో ఊడ్చే నౌకరు. వాడికి తోడు ఇంకొక నౌకరు ఉన్నాడు. ఇద్దరికీ నేల మీద దుమ్ము కన్నా ఒకరి మీద ఒకరికి ఉన్న కోపమే ముఖ్యం. చార్లీ చేతిలోని కర్ర చివర ఇంత లావు నూలుకుచ్చు ఉంటుంది. దాన్ని నీళ్ళలో ముంచి, తుపాకీలాగా భుజాన వేసుకుని బ్యాంకి అంతా తిరుగుతాడు. ఎవరో వెనక నుంచి పిలుస్తారు. వీడు గిర్రున తిరుగుతాడు. తడి కుచ్చు ఒక పెద్దమనిషి మొహాన చప్పున తగులుతుంది. క్షమాపణ చెబుదామని వీడు ఇటు తిరిగితే అది అటువైపు ఇంకొకరికి తగులుతుంది. ఈ భాగం నేను ఎంత చెప్పినా లాభం లేదు, చూడవలసిందే.

ఆ బ్యాంకిలో టైపు కొట్టే అమ్మాయి ఒకతె ఉన్నది. పేరు ఎడ్నా. నెమ్మదైన పిల్ల. ఆమె అంటే చార్లీకి ప్రాణం. ఆ సంగతి ఆమెకు తెలియదు. ఊడ్చే నౌకరు మనసులో ఏమున్నదో ఆ బ్యాంకిలో ఎవరికి కావాలి?

ఒకనాడు ఎడ్నా ఒక పొట్లం తెచ్చింది. అందులో మెడకు కట్టుకునే టై ఉన్నది. దానికి తోడుగా "చార్లెస్‌కు, ప్రేమతో ఎడ్నా" అని ఒక కాగితం పెట్టింది. ఆ కాగితం చార్లీ కంట పడింది. ఇంకేమున్నది! వాడి ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పకపోతే మీకు చిక్కు అర్థం కాదు. ఇంగ్లీషువాళ్ళలో చార్లెస్ అనే పేరుగలవాడిని ముద్దుగా చార్లీ అంటారు. మన ఇళ్ళలో వెంకటేశ్వర్లును వెంకన్న అనీ, సుబ్రహ్మణ్యాన్ని సుబ్బు అనీ అన్నట్టే. కనుక చార్లెస్ అంటే తానే అని చార్లీ అనుకోవడంలో వింత లేదు. కానీ అదే బ్యాంకిలో క్యాషియరు పేరు కూడా చార్లెస్! టై ఆయన కోసం. ఎడ్నాకు, ఆయనకు ఇష్టం కుదిరింది. ఒక్క పేరు ఇద్దరికి ఉండటంతో ఎంత పని జరిగిందో చూడండి. కథకు దుర్మార్గుడు అక్కరలేకపోయింది. ఎవరూ ఎవరినీ మోసగించలేదు, ఎవరూ అబద్ధమాడలేదు. అయినా ఒకరి గుండె పగలబోతున్నది.

చార్లీ గులాబీ పూలు తెచ్చాడు. నౌకరు జీతంలో పూలకు ఎంత ఖర్చుపెట్టాడో బొమ్మలో చెప్పరు, మనమే ఊహించుకోవాలి. వాటితో పాటు తన పేరు రాసిన చీటీ ఎడ్నా బల్ల మీద పెట్టి తప్పుకున్నాడు. ఆమె వచ్చి చూసింది. క్యాషియరే పెట్టాడనుకుని సంతోషపడింది. ఆయనకు కృతజ్ఞత చెప్పబోయింది. "నేను పెట్టలేదే!" అన్నాడాయన. అప్పుడు అసలు సంగతి బయటపడింది. ఆ పూలు ఊడ్చే నౌకరువి! ఇద్దరికీ నవ్వు వచ్చింది. ఎడ్నా చీటీ చింపి, పూలను చెత్తబుట్టలో పడేసింది.

చార్లీ అదంతా చూశాడు.

ఈ చోట నవ్వులు ఆగిపోతాయి. అంతవరకు తడి కుచ్చుతో మొహాలు వాయగొట్టిన వాడు ఇప్పుడేమీ చేయడు. కెమెరా వాడి మొహానికి దగ్గరగా వస్తుంది. వాడు ఏడవడు, గుండెలు బాదుకోడు. నవ్వు మెల్లగా మొహం మీది నుంచి జారిపోతుంది, అంతే. మూకీ బొమ్మల్లో నటులు చేతులు పైకెత్తి, కళ్ళు గిరగిర తిప్పి దుఃఖం చూపేవారని మీరు విని ఉంటారు. అట్లా చేసినవారు చాలామందే ఉన్నారు. కానీ ఇక్కడ చాప్లిన్ చేసిన పని దానికి పూర్తిగా వ్యతిరేకం.

తరువాత వాడు ఆ పూలను పట్టుకుని నేలమాళిగలో కూలబడ్డాడు. కన్ను మూతపడింది.

ఇంతలో బ్యాంకి మీద దొంగలు పడ్డారు! ఎడ్నా వాళ్ళ చేత చిక్కింది. క్యాషియరు ఆమెను కాపాడక ప్రాణభయంతో పారిపోయాడు. చార్లీ ఊరుకున్నాడా? ఒక్కడే దొంగలందరి మీద కలబడ్డాడు. స్పృహ తప్పిన ఎడ్నాను భుజాన వేసుకుని, ఒక పక్క ఆమెను మోస్తూ ఇంకొక పక్క కాళ్ళతో తన్నుతూ, దొంగలను ఇనపగదిలోకి నెట్టాడు. బ్యాంకి అధ్యక్షుడు మెచ్చుకున్నాడు. క్యాషియరు పిరికితనం అందరి ముందూ బయటపడింది. ఎడ్నా చార్లీ భుజాన తల వాల్చింది. వాడు ఆమె జుట్టు ప్రేమగా నిమిరాడు, ముద్దు పెట్టుకున్నాడు.

ముద్దు పెట్టుకున్నది నేల తుడిచే నూలుకుచ్చును! కళ్ళు తెరిచి చూసేసరికి వాడి చేతుల్లో ఉన్నది అదే. దొంగలు లేరు, దెబ్బలాట లేదు. అంతా కల.

వాడు లేచి పైకి పోయాడు. అక్కడ ఎడ్నా, క్యాషియరు ఒకరినొకరు చూసుకుని మురిసిపోతున్నారు. వాడు చూశాడు. చేతిలో మిగిలిన పువ్వును విసిరి, కాలి మడమతో వెనక్కి ఒక తన్ను తన్ని, నడిచి వెళ్ళిపోయాడు. బొమ్మ అయిపోయింది.

నేను పనిచేసిన బడిలో ఒక శనివారం మధ్యాహ్నం ఏడో తరగతి పిల్లలకు ఈ బొమ్మ గోడ మీద వేసి చూపాను. కుచ్చు తగిలినప్పుడల్లా గది దద్దరిల్లింది. పూలు చెత్తబుట్టలో పడ్డప్పుడు ఒక్కడు నవ్వాడు, పక్కవాడు వాడిని మోచేత్తో పొడిచాడు. బొమ్మ అయిపోయి కిటికీలు తెరుస్తుంటే వెనక వరుసలోని ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, ఆ క్యాషియరు నిజంగా పిరికివాడేనా?" అని అడిగింది.

ముప్ఫై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పిన నేను అంత మంచి ప్రశ్న ఎక్కువసార్లు వినలేదు. వెంటనే తరగతి రెండు జట్లయింది. "పిరికివాడే, మేము చూశాంగా!" అని ఒక జట్టు. "ఎక్కడ చూశారు? కలలో కదా!" అని ఇంకొక జట్టు.

మీరూ ఆలోచించండి. మెలకువలో ఆ క్యాషియరు చేసిన తప్పేమిటి? ఒక అమ్మాయి అతడిని ఇష్టపడింది, అతడూ ఆమెను ఇష్టపడ్డాడు. ఎవరో పెట్టిన పూలు తనవని బొంకలేదు, "నేను పెట్టలేదు" అని ఉన్నమాట చెప్పాడు. తరువాత నవ్వాడు. నవ్వకపోతే బాగుండేది. అంతకుమించి అతడి మీద నేరమేదీ లేదు. దొంగలు వస్తే అతడు పారిపోతాడో ఎదిరిస్తాడో మనకు తెలియదు, చార్లీకీ తెలియదు. మరి కలలో అతడిని పిరికివాడిగా చేసినది ఎవరు? చార్లీ కడుపుమంట. ఎడ్నా అతడిని విడిచి తన దగ్గరికి రావాలంటే అతడిలో ఏదో ఒక పెద్ద లోటు ఉండాలి. మెలకువలో కనబడని లోటును నిద్రలో కల్పించుకున్నాడు. తనను వీరుడిగా చేసుకోవడానికి దొంగలను కూడా కల్పించుకున్నాడు.

అసూయ మనసులో ఎట్లా పనిచేస్తుందో చెప్పమంటే పెద్దవాళ్ళు పుస్తకాలు రాస్తారు. ఈ బొమ్మలో అది మాట లేకుండా కొద్ది నిమిషాల్లో కనబడుతుంది. తరగతిలో మొదటి మార్కు వచ్చినవాడు కాపీ కొట్టి ఉంటాడని ఎవరో ఒకరు అనుకోవడం నేను ప్రతి ఏడాదీ చూశాను. అనుకున్నవాడు చెడ్డవాడేమీ కాదు. వాడికి ఆ రోజు ఆ కల కావలసి వచ్చింది.

చార్లీని మనం మెచ్చుకోవలసినది ఎక్కడంటే, నిద్ర లేచిన తరువాత. కలలో క్యాషియరును ఎంత నీచంగా చూసినా, మెలకువ వచ్చాక వాడి మీదికి పోలేదు. ఎడ్నాను నిష్ఠూరమాడలేదు. తన్నినది పువ్వును. అదీ తను తెచ్చిన పువ్వునే.

ఇప్పుడు ఈ బొమ్మకు ముందు జరిగిన ఒక కథ ఉన్నది. అది తెలిస్తే ఈ కలకు ఇంకా విలువ వస్తుంది.

చాప్లిన్ 1889 ఏప్రిల్ 16న లండన్‌లో పుట్టాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ నాటకశాలల్లో పాటలు పాడేవారే. అయినా ఇల్లు గడవక, ఏడేళ్ళ వయసులో తల్లితోనూ అన్న సిడ్నీతోనూ బీదల సత్రంలో చేరవలసి వచ్చింది. కుర్రతనంలో ఆయన చేయని పని లేదు. ఇద్దరు డాక్టర్ల దగ్గర వారానికి పన్నెండు షిల్లింగుల జీతం మీద కొన్నాళ్ళు పని కుదిరింది. వచ్చిన రోగులను కూర్చోబెట్టడం, సాయంత్రం గదులు శుభ్రం చేయడం ఆ పని. రోగులతో మాట్లాడటం భేషుగ్గా చేశాడు. శుభ్రం చేయడం మాత్రం చేతకాలేదు. ఆ గదుల కిటికీలు పది అడుగుల ఎత్తు! పొట్టి కుర్రవాడికి అందుతాయా? ఈ పనికి నీవు చాలవని మర్యాదగా చెప్పేశారు. వాడు వెక్కి వెక్కి ఏడిచాడు. డాక్టరు జాలిపడి తన ఇంట్లో చిన్న పని ఇచ్చాడు. ఇదంతా చాప్లిన్ 1964లో అచ్చయిన స్వీయచరిత్రలో తనే రాసుకున్నాడు. పెద్ద భవనంలో ఊడ్చేవాడి బతుకు ఎట్లా ఉంటుందో ఆయనకు ఎవరూ నేర్పనక్కరలేదు.

నాటక బృందంతో అమెరికా వచ్చిన చాప్లిన్‌ను సినిమావాళ్ళు చూసి, 1913 చివర వారానికి నూట యాభై డాలర్లకు కుదుర్చుకున్నారు. ఆ కంపెనీ పేరు కీస్టోన్. అక్కడ 1914లో ఆయన తీసిన చిన్న బొమ్మల్లో ఒకదాని పేరు "ది న్యూ జానిటర్", అంటే కొత్తగా చేరిన ఊడ్చే నౌకరు. అందులోనూ ఒక కార్యాలయం, ఒక ఊడ్చే నౌకరు, ఒక టైపు అమ్మాయి, ఒక దొంగతనం. అయితే అందులో దొంగతనం కల కాదు, నిజంగానే జరుగుతుంది. నౌకరు నిజంగానే అమ్మాయిని కాపాడతాడు, యజమాని నిజంగానే మెచ్చుకుంటాడు. సుఖాంతం.

ఆ బొమ్మ తీస్తున్నప్పుడు ఒక విశేషం జరిగింది. యజమాని నౌకరును పనిలోంచి తీసేస్తున్నాడు. నౌకరు బతిమాలుకోవాలి. ఇంటి దగ్గర చిన్న చిన్న పిల్లలున్నారని చేతులతో ఇంత ఎత్తు, ఇంత ఎత్తు అని చూపుతూ చాప్లిన్ నటిస్తున్నాడు, నవ్వించడానికే. పక్కన నిలబడి చూస్తున్న ఒక ముసలి నటి కళ్ళ వెంట నీళ్ళు కారాయి. నవ్వు రావలసిన చోట తనకు ఏడుపు వచ్చిందని ఆమె చెప్పింది. నవ్వించగలనని చాప్లిన్‌కు అదివరకే తెలుసు. ఏడిపించగలనని ఆనాడు నమ్మకం కుదిరింది.

మరుసటి ఏడు ఎస్సనే అనే కంపెనీ వారానికి పన్నెండు వందల యాభై డాలర్లిచ్చి ఆయనను తీసుకుపోయింది. ఆ కంపెనీ పేరు వింతగా ఉన్నది కదూ? యజమానులు స్పూర్, ఆండర్సన్. వారి పేర్లలోని మొదటి అక్షరాలు ఎస్, ఏ. ఎస్ అండ్ ఏ అని గబగబా పదిసార్లు అనండి, ఎస్సనే అవుతుంది! అక్కడ చాప్లిన్ మళ్ళీ పాత కథనే చేతిలోకి తీసుకున్నాడు. అదే నౌకరు, అదే అమ్మాయి, అదే దొంగతనం. ఒక్క మార్పు చేశాడు. సాహసమంతా కలలోకి మార్చాడు. పాత బొమ్మలో నౌకరుకు దక్కిన మెప్పు కొత్త బొమ్మలో నిద్ర లేవగానే ఆవిరైపోయింది. పిల్లలకు పాత ముగింపే ఇష్టంగా ఉంటుంది, నాకు తెలుసు. ఈ వ్యాసం చదివి వినిపిస్తున్న అమ్మలకూ నాన్నలకూ కొత్తది ఎందుకు నచ్చుతుందో కూడా తెలుసు. కథ రాసిందీ, తీసిందీ, నటించిందీ ఆయనే. అప్పటికి ఆయన వయసు ఇరవై ఆరేళ్ళు.

ఎడ్నాగా నటించిన ఆమె అసలు పేరు కూడా ఎడ్నాయే. ఎడ్నా పర్వయన్స్. సినిమాలోకి రాకముందు శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో కార్యాలయంలో రాతపని చేసేది. కాబట్టి టైపు బల్ల ముందు కూర్చోవడం ఆమెకు నటన కాదు, అలవాటే. తరువాత ఎనిమిదేళ్ళు చాప్లిన్ బొమ్మల్లో ఆమే కథానాయిక. ఆమె నటన మానుకున్న తరువాత కూడా, 1958లో ఆమె చనిపోయేదాకా, చాప్లిన్ ఆమెకు జీతం పంపిస్తూనే ఉన్నాడు.

ఇక ఇట్లాంటి బొమ్మ ఎట్లా తీసేవారో కొంచెం చెబుతాను. మన సైన్సు పుటల్లోకి వచ్చే సంగతి ఇదే.

అప్పుడు ఫిలింకు వెలుతురు చాలా కావలసి వచ్చేది. అందుకే సినిమావాళ్ళు ఎండ బాగా కాసే కాలిఫోర్నియాకు చేరారు. గదుల సెట్లు చాలావాటికి కప్పు ఉండేది కాదు. పైన పల్చని తెల్లగుడ్డ పందిరిలా కట్టి, ఎండను మెత్తబరిచి, దాని కింద నటించేవారు. ఆ ఫిలింకు ఇంకొక గుణం ఉన్నది. నీలం రంగు దానికి బాగా కనబడుతుంది, ఎరుపు కనబడదు. కనుక నీలాకాశం తెల్లగా పడుతుంది, ఎర్రని పెదవులు నల్లగా పడతాయి. మనిషి చర్మంలోనూ ఎరుపు ఉంటుంది గనుక మొహాలు మసిపూసినట్టు పడకుండా తెల్లని పూత దట్టంగా వేసుకునేవారు. పాత బొమ్మల్లో మొహాలు సున్నం కొట్టినట్టు ఉండటానికి ఇదొక కారణం. చార్లీ గులాబీలు తెర మీద నల్లబడి కనబడితే అవి వాడినవని అనుకోకండి!

కెమెరాకు మోటారు లేదు. పక్కన చేతితో తిప్పే పిడి ఉంటుంది. పిడి ఒక చుట్టు తిప్పితే ఎనిమిది బొమ్మలు పడతాయి. సెకండుకు రెండు చుట్లు. అంటే సెకండుకు పదహారు బొమ్మలు. చెయ్యి తడబడకుండా కెమెరా మనిషి మనసులో ఏదో ఒక పాట తాళం వేసుకుంటూ తిప్పేవాడట. ఒక్కొక్కటీ కదలని బొమ్మే. ఒకదాని వెనక ఒకటి వేగంగా చూపితే మన మెదడు వాటిని కలిపి కదలికగా గ్రహిస్తుంది. కావాలంటే నోటుపుస్తకం అంచున పదహారు కాగితాల మీద, కర్ర భుజాన వేసుకుని తిరిగే మనిషిని కొంచెం కొంచెం మార్చి గీయండి. బొటనవేలితో గబగబా వదిలి చూడండి. మనిషి తిరుగుతాడు.

ఇప్పుడొక లెక్క. ఒక రీలు నిండా వెయ్యి అడుగుల ఫిలిం పడుతుంది. అడుగుకు పదహారు బొమ్మలు. మొత్తం పదహారు వేల బొమ్మలు. సెకండుకు పదహారు చొప్పున నడిపితే వెయ్యి సెకండ్లు, అంటే పదహారు నిమిషాల నలభై సెకండ్లు. నిండు రీళ్ళు రెండయితే అరగంటకు పైన. సరిపోయిందా? 1920ల చివర టాకీలు వచ్చాయి. ధ్వని చక్కగా రావాలంటే ఫిలిం సెకండుకు ఇరవైనాలుగు బొమ్మల చొప్పున పోవాలని కట్టడి చేశారు. ఆ కొత్త యంత్రాల మీద పాత మూకీ బొమ్మలు ఎక్కిస్తే ఏమవుతుంది? పదహారు నిమిషాల రీలు పదకొండు నిమిషాల్లో పరుగెత్తుతుంది. మనుషులు కాలిన నేల మీద నడుస్తున్నట్టు టకటక గంతులేస్తారు. పాత సినిమాల్లో అందరూ అట్లాగే నడిచేవారని మీ తాతగారి కాలం నుంచీ చాలామంది నమ్ముతున్నారు. నవ్వు కోసం కెమెరాను కావాలని కొంత నెమ్మదిగా తిప్పి, తెర మీద వేగం పెంచడం కూడా ఉండేది, నిజమే. కానీ అంత గంతులాట మాత్రం తీసినవారి ఉద్దేశం కాదు, యంత్రం చేసిన పని.

తడి కుచ్చు దెబ్బలకు ఈ తొందర వల్ల పెద్దగా నష్టం లేదు. పూలు చెత్తబుట్టలో పడ్డాక వచ్చే ఆ మొహానికి నష్టం. తొమ్మిది సెకండ్లు నిలవవలసిన బాధ ఆరు సెకండ్లలో తీరిపోతే అది బాధలా ఉండదు, వెక్కిరింతలా ఉంటుంది. అందుకని ఇంట్లో "ది బ్యాంక్" పెట్టుకున్నప్పుడు పూర్తి నిడివి ఎన్ని నిమిషాలున్నదో ముందు చూడండి. ఇరవై నిమిషాల లోపు ఉంటే అది తొందరపెట్టిన ప్రతో, ముక్కలు పోయిన ప్రతో అయి ఉంటుంది. చార్లీ ఇనపగది మెట్లు దిగడం మామూలు మనిషి దిగినట్టు లేకపోతే, వేగం తగ్గించి మళ్ళీ మొదటి నుంచి పెట్టుకోండి.